పురిటికి వెళ్లిన అమ్మకు ఎడారి కూడా చూపించండి

అమెరికాలో కూతురి పురిటికో, కోడలి పురిటికో వెళ్లి ఆర్నెల్లుండి వచ్చిన అమ్మలను ఏం చూశారని అడిగి చూడండి. గుడి, మాల్, ఇండియన్ స్టోరు, వీలైతే గ్రాండ్ కాన్యన్. అంతే! అరిజోనాలోని ఫీనిక్స్ వెళ్లొచ్చినవాళ్లయితే "ఏముందండీ అక్కడ, ఒట్టి ఎడారి" అని పెదవి విరుస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, కారు నడపడం రాని తల్లిని నాలుగ్గోడల మధ్య కూర్చోబెట్టిన పిల్లల మీద.

అక్కడి సోనోరన్ ఎడారి అంటే ఇసుక దిబ్బలు కాదు. చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి వానలు పడతాయి. సవారో అనే స్తంభంలాంటి జెముడు మొదటి పదేళ్లలో రెండంగుళాలు కూడా పెరగదు. పక్క కొమ్మ వేయడానికే యాభై, డెబ్భై ఏళ్లు పడుతుంది. అలా నిదానంగా 40 అడుగులకు ఎదిగి, 150 ఏళ్లు బతుకుతుంది. వడ్రంగిపిట్ట దాని ఒంటికి తొర్ర చేసి కాపురం పెడుతుంది. అది ఖాళీ చేశాక పిడికెడంత గుడ్లగూబ అద్దెకు దిగుతుంది! మే, జూన్ నెలల్లో దాని తెల్లటి పువ్వు రాత్రి విచ్చుకుని, మర్నాడు మధ్యాహ్నానికి వాడిపోతుంది. రాత్రి గబ్బిలాలు, పొద్దున తేనెటీగలు, గువ్వలు దాని మీద వాలతాయి.

నేల మీద పరుగెత్తే రోడ్‌రన్నర్ పిట్ట మన జెముడుకాకికి చుట్టమే, రెండూ కోకిల కుటుంబంవే. మన చేలగట్ల మీది నాగజెముడు పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. ఇక పరాయి చోటెలా అవుతుంది చెప్పండి?

ఎండ, పాములు అని పిల్లలు భయపెడతారు. ఎండ నిజమే. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. అందుకే నవంబరు నుంచి మార్చి దాకా మంచి రోజులు. వేసవిలోనైతే తెల్లారకముందే బయల్దేరి, ఎండెక్కేలోగా ఇల్లు చేరాలి. నీళ్ల సీసా తప్పనిసరి. బాట దిగకుండా, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకుండా ఉంటే గిలకపాము జోలికి మనం పోనట్టే. చీర కంటే సల్వారు, బూట్లు నయం. చోయా అనే జెముడు ముక్కలు బట్టలకు అంటుకుంటే చేత్తో లాగకండి, దువ్వెనతో ఎగరగొట్టండి.

దూరం వెళ్లక్కర్లేదు. ఫీనిక్స్‌కు దగ్గర్లోని గిల్బర్ట్‌లో, వాడేసిన నీటిని శుద్ధిచేసి నింపిన చెరువుల దగ్గర కొంగలు, బాతులు, నెత్తిన తురాయి ఉన్న కౌజుపిట్టలు కనిపిస్తాయి. సవారోల అడవే చూడాలంటే టక్సన్, కారులో రెండు గంటల దారి.

నేను మా అమ్మాయికి వెళ్లిన వారంలోనే చెప్పేశాను, శనివారం పొద్దున నాదని. పసిపిల్లను వాళ్ల నాన్న చూసుకున్నాడు. ఆ పూట ఇడ్లీలు లేవు. అల్లుడుగారు బ్రెడ్డు కాల్చుకుని తిన్నారు, కొంపలేం మునగలేదు.