ఒక్క గ్లాసు కొనకండి

దసరా సెలవులు అయిపోయి పిల్లలు హాస్టళ్ళకి తిరిగి వెళ్ళే వారంలో నాకు ఫోన్లు ఎక్కువ. మా ఇల్లు గోషామహల్ వైపు, బేగం బజార్‌కి నడిచి వెళ్ళేంత దూరం. చుట్టాల్లో ఎవరి పిల్లలు హాస్టల్లో చేరినా "వదినా, బజారుకి తోడు వస్తావా" అని అడుగుతారు. జులై, ఆగస్టుల్లో కావలసినవి వేరు. బకెట్, మగ్గు, తాళం, హ్యాంగర్లు, బట్టలారేసే తాడు. దసరా తర్వాత మాత్రం చేతిలో జాబితా ఉండదు. "దానికి ఆ గది ఇంటిలా అనిపించడం లేదట. ఏమైనా కొనిద్దామా?" అంటారు.

దసరాకే ఎందుకు అనిపిస్తుందంటే, మొదటి రెండు నెలలు కొత్త కాలేజీ హడావుడిలో గడిచిపోతాయి. బతుకమ్మకి ఇంటికొచ్చి, పది రోజులు అమ్మ చేతి వంట తిని, అమ్మమ్మ పక్కన పడుకుని వెళ్ళాక ఆ గోడలు మొదటిసారి కనిపిస్తాయి. పైగా వానలు వెనక్కి తగ్గి చలి మొదలయ్యే రోజులు. ఆరు కాగానే చీకటి. కాలు కింద పెడితే గచ్చు చల్లగా తగులుతుంది. మెస్‌లో తిని గదికి వచ్చాక నిద్రపోయేదాకా పొద్దు గడవదు.

అప్పుడు తల్లులూ పిల్లలూ కలిసి ఫోన్‌లో వెతుకుతారు. విదేశాల్లో కాలేజీ పిల్లల గదులు కనిపిస్తాయి. నారింజ రంగు దుప్పట్లు, చిన్న చిన్న లైట్ల తోరణాలు, బల్ల మీద గుమ్మడికాయ, గోడ మీద ఎర్రటి ఆకులు. వాళ్ళ దగ్గర ఆ కాలంలో చెట్లన్నీ ఆకులు రాలుస్తాయి, బయట తిరగలేనంత చలి ముందుంది. గదిని వెచ్చగా అలంకరించుకోవడంలో అర్థముంది. మనకి గుమ్మడికాయ దిష్టికి గుమ్మం మీద కట్టేది, లేకపోతే పులుసులోకి. లైట్లు పెట్టుకుంటామంటే నేను వద్దనను. వంద, రెండు వందల్లో వస్తాయి, పిల్లల సరదా. కాకపోతే ఆ లైట్ల కింద పిల్ల ఒక్కతే కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే ఆ గదిని ఇల్లనలేను.

హాస్టల్ గదిలో లెక్కంతా ఒకటే. తలకి ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక అల్మారా. మనం పంపేదీ ఆ లెక్కలోనే పంపుతాం. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా. పక్క గది అమ్మాయి వస్తే ఎక్కడ కూర్చోమనాలి? మంచినీళ్ళు దేంట్లో ఇవ్వాలి? మన ఇళ్ళల్లో ఎవరూ తలకి ఒక గ్లాసని లెక్కపెట్టుకోరు. ఎవరొచ్చినా ఒకటి ఎక్కువే ఉంటుంది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ఏదో ఒకటి చేతిలో పెట్టగలిగితేనే నా దృష్టిలో అది ఇల్లు. కాబట్టి పిల్ల గదిని ఇల్లు చేయాలంటే ఇంకొకరికి సరిపడా కొనండి.

బేగం బజార్‌లో ఈ పాఠం కొట్టువాళ్ళే చెబుతారు. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వ్యాపారులకి ఇచ్చిన జాగా అని చెప్పుకునే ఆ బజారు ఇప్పటికీ హోల్‌సేల్ లెక్కనే నడుస్తుంది. స్టీలు సామాను చాలాచోట్ల తూకానికి ఇస్తారు, చిన్నవి డజన్ల లెక్క. ఒక్క గ్లాసు అడిగితే సేఠ్ నవ్వి, "అకేలా గ్లాస్ క్యా కర్తే అమ్మా" అంటాడు. ఒంటరి గ్లాసేం చేసుకుంటావమ్మా అని. మా అమ్మాయి వరంగల్‌లో చదువుతోంది, ఇప్పుడు మూడో ఏడు. అది చేరినప్పుడు ఆరు గ్లాసులు తీసుకున్నాం. ఇంకో మాట. కొన్న గిన్నెల మీద పేరు కొట్టించడం మనకి అలవాటు. కంచం మీద కొట్టించండి, గ్లాసుల మీద వద్దు. పేరున్న గ్లాసు అందుకునేటప్పుడు అవతలి పిల్లకి అది అరువు తీసుకున్నట్టుంటుంది.

రెండోది ఫ్లాస్కు. చాలా హాస్టళ్ళలో కరెంటు కెటిల్, ఇండక్షన్ పొయ్యి పెట్టనివ్వరు. అది న్యాయమే. ఒక్కో కెటిల్ వెయ్యి, పదిహేను వందల వాట్లు లాగుతుంది. పాత వైరింగు మీద పది గదుల్లో ఒకేసారి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దొంగతనంగా పెట్టుకోమని పిల్లలకి మనమే నేర్పకూడదు. లీటరు పట్టే స్టీలు ఫ్లాస్కు ఉంటే రాత్రి భోజనం తర్వాత మెస్‌లో వేడినీళ్ళు పట్టించుకోవచ్చు. శొంఠి, మిరియాలు, బెల్లం కలిపి దంచిన పొడి ఒక సీసాలో పంపిస్తే చెంచాడు వేసుకుని తాగుతారు. చలికాలం రాత్రి ఆ వాసనకే పక్క గదుల తలుపులు తెరుచుకుంటాయని మా అమ్మాయి చెబుతుంది.

మూడోది జంఖానా. కుర్చీ ఒక్కటే కాబట్టి నలుగురు కూర్చోవాలంటే నేలే గతి, నేలేమో చల్లన. ఇది మాత్రం మేము బేగం బజార్‌లో కొనలేదు. వరంగల్‌లోనే కొత్తవాడ నేతవాళ్ళ దగ్గర తీసుకున్నాం. వరంగల్ జంఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కప్పుకోవడానికి షోలాపూర్ దుప్పటి చాలు. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన మన పద్మశాలీలు ఎంతోమంది ఆ ఊళ్ళో మగ్గాల మీద బతికారు. బరువుగా ఉంటుంది, ఎన్ని ఉతుకులైనా ఆగుతుంది.

నాలుగోది తినేది. బేగం బజార్‌లో కిస్‌మిస్, ఖర్జూరం, బాదం చవగ్గా వస్తాయి. ఇంట్లో చేసిన కారప్పూస, నువ్వుల లడ్డూలు కూడా పెట్టండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడితే చీమలు చేరవు. తాళం వేసుకునే అల్మారాలో కాదు, బల్ల మీద పెట్టుకోమనండి.

ఇక్కడే మా వాళ్ళలో కొందరు నాతో గొడవపడతారు. "చదువుకోడానికి పంపామా, పేరంటానికి పంపామా" అంటుంది మా పెద్దాడపడుచు. పరీక్షల ముందు నలుగురు చేరి కబుర్లు చెప్పుకుంటే మార్కులు పోతాయని ఆవిడ భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. తలుపు మూసుకుని చదువుకోవాల్సిన రోజులూ ఉంటాయి, ఇవాళ వద్దని చెప్పడం కూడా పిల్లలకి రావాలి. ఇంకొకావిడ, మనం పంపింది అందరూ తినేస్తే మన పిల్లకి ఏం మిగులుతుందంది. నిజమే, నెలకి పంపింది వారంలో అయిపోతుంది. కానీ నలుగురుండే గదిలో ఒక పిల్ల మంచం ఒక్కటే సినిమా సెట్టింగులా మెరుస్తూ, పక్క మంచం మీద పాత చద్దరు మాత్రమే ఉంటే ఆ రెండో పిల్లకి ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఫీజు కట్టడానికే అప్పు చేసిన ఇళ్ళ పిల్లలూ ఆ గదుల్లోనే ఉంటారు. మంచానికి చేసే అలంకారం ఒక్కరిది. జంఖానా పరిస్తే దాని మీద అందరూ కూర్చోవచ్చు.

నేనిలా పట్టుబట్టడానికి అసలు కారణం ఉంది. పోయిన ఏడాది నవంబరులో, రోజూ రాత్రి వేడినీళ్ళకి వచ్చే పక్క గది అమ్మాయి రెండు రాత్రులు రాలేదు. మావాళ్ళు వెళ్ళి తలుపు తట్టారు. గదిలో మిగతా పిల్లలు శని, ఆదివారాలకి ఇళ్ళకి వెళ్ళారు. ఆ పిల్ల ఒళ్ళు కాలిపోతూ ఒక్కతే పడుకుని ఉంది, తిండి తిని ఒకరోజు దాటింది. ఆస్పత్రికి తీసుకెళ్తే డెంగీ, వెంటనే చేర్చుకున్నారు. ఇప్పుడు బాగానే ఉంది. గ్లాసులు ప్రాణం కాపాడాయని నేను చెప్పడం లేదు. రోజూ వచ్చే అలవాటు ఉంది కాబట్టి రాలేదన్న సంగతి తెలిసింది. హాస్టల్ పిల్లల గురించి పేపర్లో వచ్చే వార్తలు చదివిన ఏ తల్లికైనా ఈ మాట అర్థమవుతుంది. మన పిల్ల రాలేదని గమనించే మనిషి ఆ వరండాలో ఒకరుండాలి. మనం ఇక్కడినుంచి ఎన్ని ఫోన్లు చేసినా "తిన్నానమ్మా" అనే జవాబే వస్తుంది.

మా దగ్గర ఆబిడ్స్‌లోనే రెడ్డి హాస్టల్ ఉంది. జిల్లాల నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లల కోసం 1918లో రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి గారు పూనుకుని పెట్టించారు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు కొన్నేళ్ళు దాని బాగోగులు చూశారు. అక్కడ మంచాలతోపాటు గ్రంథాలయం కూడా ఉండేది. పిల్లలకి పడుకునే చోటు ఒక్కటే చాలదని, నలుగురు చేరే చోటు, అడిగే పెద్ద ఉండాలని ఆ రోజుల్లోనే తెలుసు. ఇప్పుడు ఫీజులు కట్టించుకునే హాస్టళ్ళలో ఆ చోటు వెతుక్కోవాలి. అది దొరక్కపోతే గదిలో పరిచిన జంఖానానే ఆ చోటు కావాలి.

ఇందులో తల్లికి కొంచెం కష్టం ఉంది, అది దాచను. గది ఇంటిలా ఉండాలని మనం అన్నప్పుడు, మన ఇంటిలా ఉండాలని, మనల్నే గుర్తుచేస్తుండాలని లోపల ఒక ఆశ ఉంటుంది. నిజంగా ఇల్లయిపోతే ఫోన్లు తగ్గుతాయి. మొన్నొకరోజు మా అమ్మాయి లైబ్రరీ నుంచి మాట్లాడుతూ, "ఇంటికెళ్ళాక మళ్ళీ చేస్తానమ్మా" అంది. ఆ ఇల్లు ఏదో నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. గుండెలో కలుక్కుమంది. ఆ రాత్రి మాత్రం నిశ్చింతగా నిద్రపోయాను.

ఈ వారం మీ పిల్లల్ని పంపుతుంటే ఒక పొద్దున వెళ్ళి కొనుక్కోండి. మెట్రోలో వచ్చేవాళ్ళు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి ఆటో ఎక్కొచ్చు. ఆదివారం చాలా కొట్లు తెరవరు. కారు తేకండి, ఆ సందుల్లో పెట్టే చోటుండదు. కొన్నవి సంచిలో సర్దేముందు గ్లాసులు ఒకసారి లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే వెనక్కి వెళ్ళి ఇంకో నాలుగు తెచ్చుకోండి.