మెనూ తగిలిస్తే సమగ్రమవుతుందా?

డేటాబేస్ నేర్పే పుస్తకాలలో ఒక ఆచారం స్థిరపడిపోయింది. టేబుల్ అంటే ఏమిటో మొదట రెండు పేజీలలో చెప్పి ముగిస్తారు. తరువాత విజర్డును పిలిచి ఫారం చేయిస్తారు. ఆపైన రిపోర్టు. చిట్టచివరి అధ్యాయానికి "సమగ్ర అప్లికేషన్ నిర్మాణం" అని ఘనమైన పేరు పెడతారు. అందులో జరిగేది ఏమిటయ్యా అంటే, అంతవరకూ విడివిడిగా చేసిన ఫారాలకూ రిపోర్టులకూ కలిపి ఒక మెనూ తెర తయారుచేయడం, దాని మీద బటన్లు అమర్చడం, ఫైలు తెరవగానే ఆ తెర ప్రత్యక్షమయ్యేటట్టు చూడడం. విద్యార్థి ఆ బటన్లు నొక్కి చూసుకొని, తానొక సమగ్రమైన అప్లికేషన్ నిర్మించానని నమ్ముతాడు. ఆ నమ్మకం తప్పని నా వాదన. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది కూడా అతడు కాదు, రేపు అతని ప్రోగ్రాము ముందు వరుసలో నిలబడే మనిషి.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. 1992లో తొలిసారి వెలువడిన ఈ ప్రోగ్రాములో టేబుళ్లు, క్వెరీలు, ఫారాలు, రిపోర్టులు అన్నీ ఒకే ఫైలులో కాపురం చేస్తాయి. మెనూ తెర తయారుచేయడానికి అందులో స్విచ్‌బోర్డ్ మేనేజర్ అనే పనిముట్టు చాలాకాలం ప్రముఖంగా ఉండేది. 2010 సంచికలో దాన్ని రిబ్బన్ మీదినుంచి తప్పించి, నావిగేషన్ ఫారం అనే కొత్త పద్ధతిని తెచ్చారు. ఆ స్విచ్‌బోర్డు లోపల ఏమున్నదో ఎప్పుడైనా విప్పి చూశారా? ఒక చిన్న టేబుల్. ఒక్కొక్క వరుసలో బటన్ మీది మాట, ఏ పని చేయాలి, ఏ ఫారాన్ని లేక ఏ రిపోర్టును తెరవాలి, అంతే. ఒక పేజీకి ఎనిమిది బటన్లకు మించి పట్టవు. ఫీజు ఫారంలో ఉన్న విద్యార్థీ హాల్ టికెట్ రిపోర్టులో ఉన్న విద్యార్థీ ఒకరేనా అన్న సంగతి దానికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. రెండు తలుపులు పక్కపక్కన ఉన్నాయని మాత్రమే దానికి తెలుసు. లోపల అది ఒకే ఇల్లో, గోడ అడ్డంగా కట్టిన రెండిళ్లో చెప్పడం దాని పని కాదు.

కాడ్ మహాశయుడు ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో ఉండగా 1970లో ప్రచురించిన వ్యాసంతో రిలేషనల్ పద్ధతికి పునాది పడింది. పెద్దవీ, ఉమ్మడివీ అయిన డేటా నిధుల గురించి రాస్తున్నానని ఆయన శీర్షికలోనే చెప్పుకున్నాడు. ఆ 'ఉమ్మడి' అన్న మాటను మన పాఠ్యపుస్తకాలు పూర్తిగా మరచిపోయాయి. పలువురు పలు అవసరాలకు ఒకే సమాచారాన్ని వాడుకోవాలి. యంత్రం లోపల అది ఎలా అమరి ఉన్నదో వాడుకరికి తెలియవలసిన పని ఉండకూడదు. ఈ దృష్టితో చూస్తే ఫారమూ రిపోర్టూ ఉమ్మడి సొత్తును చూడడానికి పెట్టుకున్న కిటికీలు మాత్రమే. సొత్తు మొదటినుంచీ ఉమ్మడిగా ఉంటే చివర కలపవలసినది ఏమీ మిగలదు. మొదటినుంచీ వేర్వేరుగా ఉన్నదాన్ని చివరి అధ్యాయంలో కలపడం అసాధ్యం. "విడివిడి ఫారాల నుంచి సమగ్ర అప్లికేషన్" అన్న పదబంధంలోనే తలకిందులైన ఆలోచన ఉంది.

ఇది సిద్ధాంత చర్చ మాత్రమే అనుకునేవారి కోసం నేను చూసినది ఒకటి చెబుతాను. ఒక జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాల, పేరు అనవసరం. ప్రవేశాల ఫారం ఒకరు చేశారు. రెండేళ్ల తరువాత ఫీజుల ఫారం మరొకరు చేశారు, దానికి తన సొంత విద్యార్థుల టేబుల్. హాల్ టికెట్ల రిపోర్టు చేసిన మూడో మనిషి, ప్రవేశాల టేబుల్ నుంచి పేర్లు, ఫీజుల టేబుల్ నుంచి బకాయిలు తెచ్చి, రెండింటినీ విద్యార్థి పేరుతో జత కలిపాడు. పైన అందమైన మెనూ, కళాశాల చిహ్నంతో సహా. ఒక చోట "కె. వెంకటలక్ష్మి", ఇంకొక చోట "వెంకట లక్ష్మి కె". ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్న తగవు తెలుగువారికి కొత్త కాదు కదా. పేర్లు కలవలేదు గనుక ఆ అమ్మాయి కట్టిన డబ్బు రిపోర్టుకు కనబడలేదు. పరీక్షకు మూడు రోజుల ముందు ఆమె కిటికీ దగ్గర నిలబడి "సార్, రసీదు ఉంది సార్" అంటూంటే, లోపలి గుమాస్తా తెర చూపి "కంప్యూటర్లో బకాయి చూపిస్తోందమ్మా, నేనేం చేసేది" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. కంప్యూటరు బకాయి చూపించిన మాట నిజమే. చేతి దస్తావేజుల కాలంలో అయితే అదే గుమాస్తా లెడ్జరు తిరగేసి, ఇద్దరూ ఒకరేనని కంటితో పోల్చుకొని ఉండేవాడు. మనం ఆ కన్ను తీసేసి దాని స్థానంలో మెనూ పెట్టాం.

ఈ పేర్ల బాధ తెలుగు లిపికి వచ్చేసరికి మరింత ముదురుతుంది. ఇక్కడ మనవంటి వారికి కొంత అనుభవం ఉంది గనుక కాసేపు ఆగుతాను. యాక్సెస్‌లో యూనికోడ్ 2000 సంచికతో వచ్చింది. అంతకు ముందు ఎవరి ఫాంటు వారిదే. ఫారంలో ఫాంటు తగిలిస్తే తెలుగు కనబడేది, రిపోర్టులో అదే ఫాంటు తగిలిస్తే అక్కడా కనబడేది, టేబుల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల గందరగోళమే ఉండేది. ఫారమూ రిపోర్టూ బాగుంటే చాలు అనుకునేవారికి దీనికన్నా మంచి గుణపాఠం దొరకదు. తెర మీద తెలుగు, కాగితం మీద తెలుగు, నడుమ ఉండవలసిన చోట తెలుగే లేదు. అకారాది క్రమం కుదరదు, వెతికితే దొరకదు, వేరే ఫాంటు ఫైలుతో కలపబోతే కలవదు. యూనికోడ్ వచ్చిన తరువాత ఈ పీడ చాలావరకు వదిలింది, పూర్తిగా కాదు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, కంటికి రెండూ ఒక్కటే. ఆ సమానత్వాన్ని పాటించని ప్రోగ్రాముకు మాత్రం "వైదేహి" ఇద్దరు వైదేహులవుతుంది. అందువల్ల పేరు గుర్తింపు కాదు. ప్రవేశం నాడే ఇచ్చిన సంఖ్య ఒకటి ఉండాలి, అన్ని టేబుళ్లూ ఆ సంఖ్యనే పట్టుకోవాలి. దీన్నే ప్రైమరీ కీ అంటారు. (దీనికి చక్కని తెలుగుమాట కావాలని నాకూ ఉంది గాని, 'ప్రాథమిక తాళంచెవి' అని మాత్రం నాచేత అనిపించకండి.)

ఇక ఎదుటివారి వాదనలు. వాడేవాడికి కనబడేవి ఫారాలే గదా, టేబుళ్లతో అతనికేం పని అంటారు. నిజమే, ఫారాన్ని నేను తక్కువ చేయడం లేదు. పైగా ఒక ఆఫీసు ఏ వివరాలు దాచుకోవాలో చెప్పే సాక్ష్యాలలో అక్కడ వాడుకలో ఉన్న దరఖాస్తులూ రసీదులూ రిజిస్టర్లే మొదటివి. వాటన్నిటినీ బల్ల మీద పరచి, ఒక్కొక్క గడి ఎవరిని గురించి చెబుతోంది అని అడగాలి. ఇది మనిషి గురించా, కోర్సు గురించా, ఈ ఒక్క చెల్లింపు గురించా? ఆ ప్రశ్నకు వచ్చే సమాధానాలే టేబుళ్లు. కాగితపు ఫారాల నుంచి టేబుళ్లకు వెళ్లడం, అక్కడినుంచి తెర మీది ఫారాలకు రావడం సరైన దారి. పుస్తకాలు చేయిస్తున్నది వేరు. ఒక్కొక్క కాగితానికి ఒక్కొక్క ఫారం, ఆ ఫారం వెనుక దానికి సరిపడా ఒక్కొక్క టేబుల్.

చిన్న ఆఫీసుకు ఇంత హంగామా ఎందుకు, తరువాత అవసరమైతే ఫైళ్లను లింక్ చేసుకోవచ్చు అనేది రెండో వాదన. లింక్ చేసుకోవచ్చు, కాదనను. ఒక ఫైలులోని టేబుల్ మరొక ఫైలులో కనబడుతుంది, క్వెరీలో జత కలుస్తుంది, రిపోర్టు అచ్చవుతుంది. అయితే వేర్వేరు ఫైళ్లలో ఉన్న రెండు టేబుళ్ల మధ్య రెఫరెన్షియల్ ఇంటిగ్రిటీని యాక్సెస్ అమలు చేయదు. అంటే లేని విద్యార్థి పేర రసీదు రాస్తే అడ్డుకునేవారు ఉండరు. కలిసినట్టు కనబడతాయి, కట్టుబాటు ఉండదు.

సమగ్రత అంటే ఏ వివరమూ రెండు చోట్ల ఉండకపోవడమే అని సూత్రం బట్టీపట్టినవారితోనూ నాకు పేచీ ఉంది. యాక్సెస్‌తో పాటు ఏళ్ల తరబడి ఇచ్చిన నార్త్‌విండ్ నమూనా డేటాబేస్ చూడండి. సరకు ధర సరకుల టేబుల్లో ఉంది, ఆర్డరు వివరాల టేబుల్లో మళ్లీ ఉంది. తొందరపాటు విద్యార్థి ఇది పునరుక్తి అని ఒకదాన్ని కొట్టేస్తాడు. అవి రెండు వేర్వేరు సత్యాలు. ఒకటి ఇవాళ్టి ధర, రెండోది ఆ ఆర్డరు నాడు తీసుకున్న ధర. ఫీజు విషయమూ ఇంతే. వచ్చే ఏడు కోర్సు ఫీజు పెంచగానే నిరుటి రసీదుల మొత్తాలు మారిపోతే ఆడిట్ నాడు ఏం చెబుతారు? ఏది ఒకటి, ఏది రెండు అని తేల్చడం ఆ పని తెలిసిన మనిషి చేయవలసిన వివేచన. ఏ విజర్డూ ఆ ప్రశ్న అడగదు.

ఫారమూ రిపోర్టూ నిజంగా ఒకదాన్నొకటి తాకే చోటు కూడా ఉంది, విచిత్రంగా దాన్నే పుస్తకాలు దాటవేస్తాయి. ఫీజు ఫారంలో అంకె దిద్ది, అక్కడే ఉన్న ముద్రణ బటన్ నొక్కితే రిపోర్టులో పాత అంకె వస్తుంది. కారణం, ఆ రికార్డు ఇంకా భద్రం కాలేదు. ఫారం అంచున పెన్సిల్ గుర్తు కనబడుతున్నంతసేపూ ఆ మార్పు టేబుల్లోకి చేరనట్టే. రిపోర్టు చదివేది టేబుల్‌ను. ముద్రణకు ముందు రికార్డును భద్రం చేయించి, ఆ ఒక్క విద్యార్థి సంఖ్యతో రిపోర్టును వడకట్టి తెరిస్తే సరిపోయేదానికి, కారణం తెలియనివారు ఏం చేస్తారో చూశాను. రిపోర్టును నమ్మలేక మొత్తాలను ప్రత్యేకంగా ఒక టేబుల్లో దాచుకుంటారు. నెల తిరగకముందే ఆ దాచిన మొత్తానికీ అసలు రసీదుల కూడికకూ పొంతన ఉండదు. ఇప్పుడు రెండు బకాయిలు, రెండూ కంప్యూటర్లోవే.

ఇంత రభస చిన్న ఫైళ్ల గురించే అని తేలికచేయకండి. ఆలోచన పెద్దదైనా ఇదే. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి మొదలైనప్పుడు, వ్యవసాయ భూమికి రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ తహసీల్దారు ఆఫీసులో ఒకే గుమ్మంలో జరగడం గొప్ప మార్పు. మెనూ కన్నా లోతైన కలయిక అది, ఆ మేరకు మెచ్చుకోవలసిందే. కాని పాత రికార్డులలోని పేర్ల తప్పులు, విస్తీర్ణాల తేడాలు కూడా అందులోకి నడిచివచ్చాయి. వాటిని దిద్దించుకునే దారులు మొదట్లో చాలా ఇరుకుగా ఉండేవి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. గుమ్మం ఒకటైనంత మాత్రాన లోపలి లెక్క సరిపోదని రైతుకు చెప్పవలసిన పని లేదు, చెప్పవలసింది మనకే.

ఈ పాఠాలు చెప్పే మిత్రులకు ఒక మనవి. చివరి అధ్యాయం పరీక్షలో మెనూ చూపించమని అడగకండి. ఫారాలన్నీ మూసేయించి, రసీదుల టేబుల్‌ను నేరుగా తెరిపించి, లేని విద్యార్థి సంఖ్యతో ఒక రసీదు రాయించండి. రిలేషన్‌షిప్స్ తెరలో ఇంటిగ్రిటీని అమలుచేయమని చెప్పి ఉంటే అది తిరస్కరిస్తుంది. తరువాత ఆ గడిని ఖాళీగా వదిలి మరొకటి రాయించండి. ఇంటిగ్రిటీ ఉన్నా ఖాళీ గడిని అది ఒప్పుకుంటుంది, గడిని తప్పనిసరి అని విడిగా ప్రకటిస్తేనే ఆగుతుంది. పిమ్మట రసీదులున్న ఒక విద్యార్థిని తొలగించమనండి. పక్కనే ఉన్న కాస్కేడ్ డిలీట్ గడిలో ఎవరైనా తెలియక టిక్కు పెట్టి ఉంటే రసీదులూ అతనితోపాటే పోతాయి. ఈ మూడూ చూశాక మెనూ రంగులు చూడవచ్చు. వాటికి అరగంట చాలు.