పాము, కప్ప కూడా రైతు సమస్యే

మద్దతు ధర దక్కడం లేదు. యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడుతున్నాం. కౌలు రైతును పట్టించుకునే నాథుడు లేడు. ఇన్ని సమస్యలుండగా సంఘం పత్రికలో పాముల గురించి, కప్పల గురించి రాయడమేమిటని కొందరు సభ్యులు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. మా జవాబు కూడా వినండి. పాము కాటుకు చచ్చేది ఎవరు? పొలంలో కాలు పెట్టేవాడు. కప్ప మాయమైతే పురుగు మందుల అప్పు పెరిగేది ఎవరికి? చేను వేసినవాడికి. వీటిని గమనించడం, చదవడం, కాపాడడం పట్నంలో కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్ల సరదా అని మనం వదిలేస్తే, మన ప్రాణాల లెక్కను కూడా వదిలేసినట్టే.

ముందు చావుల సంగతి చూద్దాం. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. సగటున ఏడాదికి 58 వేల మంది. ఆసుపత్రి రికార్డులు చూసి కట్టిన లెక్క కాదది. ఇళ్లకు వెళ్లి, పోయినవాళ్లు ఎలా పోయారని ఇంట్లోవాళ్లను అడిగి తేల్చిన లెక్క. ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఆసుపత్రి గడప తొక్కకముందే పోతున్నారు. ఆ చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు జరిగినవే. అంటే నాట్లు, కలుపుల కాలంలో. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంత జరుగుతున్నా మన దగ్గర పామంటే సినిమా కథ, లేదంటే కర్ర. పాము పగబడుతుందంటారు. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందంటారు. అవి రెండూ వేరు వేరు జాతులు, జతకట్టడమనేది లేదు. రెండు పాములు పెనవేసుకుని లేస్తుంటే మనం పెనగులాట అని చెప్పుకునేది చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల బలపరీక్ష. జెర్రిపోతుకు విషమే లేదు. బొరియలోకి దూరి ఎలుకను పిల్లలతో సహా తినేస్తుంది. దాన్ని మనమే చంపుతాం. ఆ తర్వాత పందికొక్కులు గట్లు తొలిచేస్తున్నాయని, వెన్ను కొరికేస్తున్నాయని ఎలుకల మందు కొంటాం, బుట్టలు పెట్టేవాళ్లకు కూలి ఇస్తాం. రెండు తలల పాము సంగతి ఇంకా దారుణం. దానికి ఉన్నది ఒక్క తలే, మొద్దు తోకను చూసి రెండో తల అనుకుంటాం. లక్షలు పలుకుతుందని మోసగాళ్లు చెబితే నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు, కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. అది కూడా ఎలుకలు తిని బతికేదే. తెలియనితనానికి మనం కడుతున్న పన్ను ఇది.

మన ప్రాంతంలో మనిషి ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. దాని తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచే వస్తుంది. ఇరులల అనుభవానికి దండం పెట్టాలి. కానీ ఆ విషం తమిళనాడులోని కొద్ది ప్రాంతంలో పట్టిన పాములది. ఒకే జాతి పాములో కూడా ప్రాంతాన్ని బట్టి విషం మారుతుందని, ఇప్పుడున్న విరుగుడు కొన్ని ప్రాంతాల పాముల విషం మీద సరిగా పనిచేయడం లేదని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. అయినా ఈ రోజుకి ప్రాణం నిలిపే మందు అదొక్కటే. కాటు పడిన వెంటనే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆసుపత్రికే పరిగెత్తాలి. గాయాన్ని కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు.

ప్రాంతాన్ని బట్టి విత్తనం మారాలని మనకు చెప్పే ప్రభుత్వానికి, ప్రాంతాన్ని బట్టి విరుగుడు ఉండాలని తెలియదా? రాయలసీమ మెట్టలో, గోదావరి మాగాణిలో, తెలంగాణ పత్తి చేలల్లో ఏ పాము ఎక్కువ, దాని విషం ఎలాంటిది, ఏ నెలలో ఎక్కడ కాటు వేస్తోంది? ఇది చదవాల్సిన చదువు. ఎలుకలు పట్టడంలో తరతరాల అనుభవమున్న యానాదులకు పాముల జాడ కూడా తెలుసు. వాళ్లను కూలీలుగా కాక తెలిసినవాళ్లుగా కూర్చోబెట్టి, జీతమిచ్చి ఆ పని చేయించాలి.

ఇక కప్ప. వానలు రాకపోతే కప్పతల్లి ఆట ఆడి, కప్ప మీద నీళ్లు పోసిన ఊళ్లు మనవి. అదే కప్ప కాళ్లను మన దేశం ఒకప్పుడు టన్నుల కొద్దీ విదేశాలకు ఎగుమతి చేసింది. పొలాల్లో కప్పలు తరిగిపోయి పురుగు పెరుగుతోందని గొడవ జరిగాక, 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. బాగానే ఉంది. కానీ ఎగుమతి ఆపినవాళ్లు మందుల డబ్బా సంగతి మాత్రం ముట్టుకోలేదు. కప్ప చర్మంతో కూడా నీళ్లు, గాలి పీల్చుకుంటుంది. మడిలో పోసిన మందు ముందు దాని ఒంట్లోకే పోతుంది.

మొక్కజొన్నలో మనం కొట్టే అట్రజిన్‌నే తీసుకోండి. వెయ్యి కోట్ల పాళ్ల నీటిలో ఒక్క పాలు ఆ మందు కలిసినా, అందులో పెరిగిన కొన్ని మగ కప్పల్లో ఆడ లక్షణాలు కూడా వచ్చాయని అమెరికా శాస్త్రవేత్త టైరోన్ హేస్ 2002లో ప్రకటించారు. మందుల కంపెనీ కాదంది, ఆ వాదన ఏళ్ల తరబడి నడిచింది. భూగర్భ జలాల్లో కలుస్తోందన్న కారణంతో ఐరోపా దేశాలు 2004లో ఆ మందును పక్కన పెట్టాయి. మన కేంద్రం 2020 మేలో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది. అట్రజిన్ అందులో ఉంది. తర్వాత? ఆ 27లో చాలా మందులు ఇప్పటికీ దుకాణాల్లోనే ఉన్నాయి, అట్రజిన్ కూడా. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న సామెత ఢిల్లీ వాళ్లకు బాగా వంటబట్టింది. మందు కొట్టే రైతును దోషిని చేయడం మాకు ఇష్టం లేదు. కూలి దొరకక, ధర రాక రైతు మందు పడుతున్నాడు. దుకాణదారు చెప్పేదే సలహా అయిపోయింది. కప్ప ఉన్న మడిలో ఎంత పురుగు తగ్గుతుందో మన చేలల్లోనే కొలిచి చూపించే వ్యవసాయ అధికారి ఏడి?

2024 మార్చిలో కేంద్రం పాము కాటు మీద జాతీయ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి చావులు సగానికి తగ్గిస్తామంది. కాగితం మీద తగ్గితే చాలదు. అందుకే మేం అడుగుతున్నాం:

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రింబవళ్లు విరుగుడు ఇంజెక్షన్లు, వాటిని ఇవ్వగల డాక్టరు ఉండాలి. మొదటి మోతాదుకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి. రెండు సీసాలు పెట్టి ఉన్నాయనిపించుకోవడం మోసం.

2. ప్రతి పాము కాటును, ప్రతి చావును తప్పకుండా నమోదు చేయాలి.

3. తెలుగు నేల పాముల విషంపై పరిశోధన జరిపి, దానికి తగ్గ విరుగుడు తయారు చేయాలి.

4. మోటార్లకు కరెంటు పగలే ఇవ్వాలి. చీకట్లో స్టార్టరు దగ్గరికి మనిషిని పంపే విధానం పాము నోట్లో కాలు పెట్టించడమే.

5. ఉత్తరప్రదేశ్‌లో పాము కాటుతో చనిపోతే విపత్తు కింద కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణ రైతు బీమా పాస్‌బుక్ ఉన్నవారికే. కౌలు రైతుకూ కూలీకీ అందే పరిహారం రెండు రాష్ట్రాల్లోనూ కావాలి.

6. అట్రజిన్ లాంటి మందులపై 2020 ముసాయిదా ఏమైందో కేంద్రం తేల్చి చెప్పాలి.

సభ్యులకు ఒక పని. తొలకరి లోపు ప్రతి గ్రామ కమిటీ గడిచిన ఐదేళ్లలో పాము కాటుకు పోయినవారి పేర్లు, పోయిన నెల, ఎక్కడ కాటు పడింది, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎంత ఆలస్యమైంది అనేవి ఒక కాగితం మీద రాయాలి. కౌలుదారు, కూలి, ఆడమనిషి, పిల్లలు, ఎవరినీ వదలొద్దు. ఆ కాగితాలన్నీ కలిపి మండల ఆఫీసు ముందు, ఆ తర్వాత కలెక్టరు ముందు పెడదాం. ప్రభుత్వం లెక్కపెట్టని మనవాళ్లను ముందు మనమే లెక్కపెడదాం.