చప్పుడు వచ్చిన దిక్కు

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలలో ఇంట గూర్చుండి బీడీలు చుట్టు తల్లులు పెక్కుమంది కలరు. వారి చేతులును కన్నులును తునికాకుపై నుండును. బిడ్డకు కావలి చెవులే. పెరటిలో పసివాడు ఏడ్చినచో, ఏ మూలనుండి ఏడ్చెనో తల యెత్తకయే తెలిసికొందురు. ఈ నేర్పు రెండు చెవుల పొందికవలన గలుగుచున్నది.

శబ్దము గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. కుడి ప్రక్కనుండి వచ్చునది కుడిచెవిని ముందుగను, ఎడమచెవిని కొంచెము వెనుకగను జేరును. ఆ భేదము సెకనులో వేయవ పాలునకును తక్కువ. ఐనను మెదడు దానిని గ్రహించును. తల యడ్డగుటచే ఆవలి చెవికి శబ్దము సన్నగిల్లుటయు మఱియొక గురుతు.

మొదటి ప్రపంచ యుద్ధములో, 1915వ సంవత్సరము మొదలుకొని, విలియం లారెన్స్ బ్రాగ్ అను శాస్త్రజ్ఞుడు ఈ సూత్రమునే యవలంబించి కంటికి కనబడని ఫిరంగుల జాడ తీసెను. దూరదూరముగా మైక్రోఫోనులను వరుసగా నిలిపి, మ్రోత ఒక్కొక్కదానిని జేరిన కాలభేదమును బట్టి ఫిరంగి యున్న చోటును లెక్కగట్టుచుండిరి.

నేడు పదులకొలది మైక్రోఫోనులను ఒకే చట్రమున గూర్చిన పరికరములు వచ్చినవి. అవి పనిచేయు విధము బతుకమ్మ నాడువారికి సులభముగ బోధపడును. అందఱి చప్పట్లును ఒక్కమాఱే పడినచో గట్టిగ వినబడును. ముందు వెనుకలైనచో గందరగోళమగును. ఈ పరికరమును ఒక్కొక్క మైక్రోఫోను విన్నదానిని తగినంత సేపు నిలిపి, ఒక దిక్కున వచ్చిన శబ్దమంతయు ఒక్కమాఱే పడునట్లు కలుపును. అపుడు ఆ దిక్కు ధ్వని హెచ్చును, తక్కినవి తగ్గును. ఇట్లు అన్ని దిక్కులను పరీక్షించి, మ్రోత హెచ్చుగానున్న చోటును చిత్రముపై రంగుతో చూపును.

సిరిసిల్లలో వేలకొలది సాంచాలు నడచుచున్నవి. నాడె సాంచాల కార్ఖానాలలో మ్రోత సాధారణముగా 90 డెసిబెళ్లను మించును. నాడెను కట్టె కొట్టుటయు, అది ఆవలి పెట్టెలో తగిలి యాగుటయు అందుకు ముఖ్యకారణములు. ఏ సాంచా, అందు ఏ భాగము ఎక్కువగ మ్రోయుచున్నదో ఇట్టి పరికరము చూపగలదు. తెలిసినచో బాగుచేయుటకు దారి దొరకును. కాని చెడిన చెవిని బాగుచేయుట అట్లు గాదు. గట్టి మ్రోతచే నశించిన లోచెవి సూక్ష్మకణములు మరల మొలవవు. ఒక చెవి మాత్రమే మందగించినచో మాటలు వినబడుచునే యుండును గనుక లోపము తెలియదు. దిక్కు మాత్రము తప్పును. అపుడు బిడ్డ యేడ్పు వినబడియు ఎచటనో తెలియదు. వీథిలో బండి ఏ ప్రక్కనుండి వచ్చుచున్నదో తోచదు.

కావున కార్ఖానాకు బోవువారు రెండు చెవులకును తగిన బిరడాలు గాని మూతలు గాని ధరింపవలెను, దూది చాలదు. చెవిలో కాచిన నూనె పోయరాదు. ఇంటివారు కన్నులు మూసుకొనియుండగా, ఒకమాఱు కుడిప్రక్కను, ఒకమాఱు ఎడమప్రక్కను మెల్లగా చిటికె వేసి, దిక్కు చూపుమని యడుగుడు. ఆఱు నెలలు నిండిన బిడ్డ ప్రక్కన గిలక మ్రోగినను తల త్రిప్పనిచో జాగుచేయక వైద్యునకు జూపుడు. కంటికి దీపము పెట్టి చూచుకొను మనము చెవిని గూర్చియు అంత శ్రద్ధ వహింపవలదా?