ఆఫర్ లెటర్ వచ్చింది.. షుగరూ వచ్చింది

గత ఏడాది వేసవిలో వారం తేడాతో నా చేతికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లోని ఓ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్. రెండోది, చేరేముందు ఆ కంపెనీ చేయించుకోమన్న మెడికల్ టెస్టు రిపోర్టు. మొదటిదాన్ని ఉదయగిరిలో మా వీధి వీధంతా చూసింది. రెండోదాన్ని మడిచి ల్యాప్‌టాప్ బ్యాగు అడుగున పెట్టేశా. ఫాస్టింగ్ షుగర్ 214. హెచ్‌బీఏ1సీ 9.6. అప్పటికి నా వయసు 27.

ముందే తెలియాల్సింది. బెంగళూరులో ఉద్యోగం పోయాక ఏడాదిపాటు ఆత్మకూరు బస్టాండు దగ్గర్లో గది తీసుకుని ఉన్నా. గదిలో నలుగురం. ఒకరు డీఎస్సీకి, ఒకరు బ్యాంకు పరీక్షలకు, ఒకరు గ్రూప్స్‌కు. నేను పగలు అప్లికేషన్లు, రాత్రి కోడింగ్ ప్రాక్టీసు, మధ్యలో నా టెక్ బ్లాగు. రాత్రిళ్లు మూడుసార్లు లేచేవాణ్ని, ఎండాకాలం కదా, నీళ్లెక్కువ తాగుతున్నా అనుకున్నా. అక్షరాలు మసగ్గా కనిపిస్తే కొత్త కళ్లజోడు కొన్నా. జిమ్ముకు వెళ్లకుండానే ఆరు కిలోలు తగ్గితే, 'ఏంది మామా, హీరోలా అయిపోయావ్' అన్నారు మావాళ్లు. నేనూ మురిసిపోయా. విపరీతమైన దాహం, పదే పదే మూత్రం, చూపు మసకబారడం, ఊరికే బరువు తగ్గడం.. నాలుగూ నా గదిలోనే ఉన్నాయి. మా నాన్నకు పదేళ్లుగా షుగర్ ఉంది. అయినా నాకు తట్టలేదు. షుగర్ అంటే నాన్నల జబ్బు కదా!

కాదు. ఐసీఎంఆర్ సహకారంతో జరిగిన భారీ సర్వే ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందుదశ ఉందని ఆ అంచనా. మనవాళ్లకు ఇది యూరప్ వాళ్లకంటే చిన్న వయసులోనే వస్తోందని వైద్యులు ఎప్పటినుంచో చెప్తున్నారు. ఇక మన జాతీయ కార్యక్రమం కింద జరిగే స్క్రీనింగేమో ప్రధానంగా 30 దాటినవాళ్ల కోసం. క్యాంపస్ నుంచి బయటికొచ్చి గదుల్లో, పీజీల్లో టీలు, బిస్కెట్లు, నైట్‌షిఫ్టులతో గడిపే 22 నుంచి 30 ఏళ్ల మనల్ని అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన సంగతి. రిపోర్టు కంపెనీకి చేరింది. హెచ్‌ఆర్ నుంచి ఫోన్, మళ్లీ పరీక్ష చేయించుకుని పంపమని. ఆ రాత్రి గదిలో ఒకడు సీరియస్‌గానే సలహా ఇచ్చాడు: 'నా రక్తం ఇస్తా పద, ల్యాబులో ఎవడు చూస్తాడు?' దానికి ఒప్పుకోలేదు కానీ, నేను చేసింది అంతకంటే గొప్పదేం కాదు. రెండ్రోజులు దాదాపు ఏమీ తినకుండా పస్తుండి రక్తం ఇచ్చా. ఫాస్టింగ్ 141కి దిగింది. హెచ్‌బీఏ1సీ మాత్రం మళ్లీ 9.6. ఇంజినీరింగ్ చదివినోణ్ని, ఆ మాత్రం తెలియాలి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ బతికినన్ని రోజులూ దానిలోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అంటుకుంటూ పోతుంది. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల లాగ్ ఫైల్. ముందురోజు పస్తుంటే డిలీట్ అయ్యేది కాదు.

కంపెనీ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఆఫర్ పోయిందనే అనుకున్నా. ఆయన అడిగింది రెండే ప్రశ్నలు. 'ట్రీట్‌మెంట్ మొదలుపెట్టావా? మరి అంత హడావుడిగా పస్తులెందుకున్నావు?' ఉద్యోగానికి ఫిట్, చికిత్స అవసరం అని రాశారు. అంతే! మూడు వారాలు నేను పడిన నరకానికి ఆ రెండు ముక్కలే ముగింపు. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. లోకో పైలట్, పోలీసు, సాయుధ బలగాల వంటి కొలువులకు వాటి వైద్య ప్రమాణాలు వాటికుంటాయి. నోటిఫికేషన్‌లో సిలబస్ చదివినంత శ్రద్ధగా ఆ పేజీ కూడా చదవండి. కానీ డెస్కు మీద చేసే ఉద్యోగాలకు షుగర్ అడ్డమని మనకు మనమే తీర్పు ఇచ్చేసుకుంటున్నాం.

నా అభిప్రాయం ఇది. ఇంటర్వ్యూలో మీ కోడ్ గురించి అడుగుతారు, మీ రక్తం గురించి కాదు. అడగనిది చెప్పాల్సిన పనిలేదు. కానీ కాగితం మీద అడిగిన చోట అబద్ధం రాయొద్దు. మెడికల్ డిక్లరేషన్‌లో తప్పు రాసి రేపు దొరికిపోతే, పోయేది షుగర్ వల్ల కాదు, అబద్ధం వల్ల. ఇన్సూరెన్సు ఫారంలోనూ అంతే. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 48 నెలలు ఉండేది, ఐఆర్‌డీఏఐ 2024లో దాన్ని 36 నెలలకు తగ్గించింది. దాచి పాలసీ తీసుకుంటే కట్టిన ప్రీమియమూ పోతుంది, క్లెయిమూ పోతుంది. కంపెనీల గ్రూప్ పాలసీల్లో చాలావాటికి మొదటిరోజు నుంచే కవరేజీ ఉంటుంది. జీతం ఎంత అని అడిగినట్టే ఇదీ హెచ్‌ఆర్‌ను అడగండి.

ఇంత చెప్తున్నా గానీ, చేరాక నేను మళ్లీ దాచా. అమ్మ మాట ఒకటి చెవిలో మోగుతూ ఉండేది: 'ఎవురితో అనబాక నాయనా, సంబంధాలు రావు.' డాక్టర్ నాకు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా రాశారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, మాత్ర వేసుకుని తిండి మానేస్తే పడేస్తుంది. చేరిన మొదటి వారం, ఇండక్షన్ సాగుతూనే ఉంది, లంచ్ వదిలేశా. మూడింటికి చేతులు వణకడం మొదలైంది. చెమటలు, గుండె దడ. పక్కనున్న అమ్మాయి 'నెర్వస్‌గా ఉన్నారా?' అంది. అవునన్నా. లేచి వాష్‌రూమ్‌లో కూర్చున్నా, చెప్పుకోవడానికి మొహం చెల్లక. అక్కడే స్పృహ తప్పి ఉంటే తలుపు కొట్టేవాళ్లకు కూడా ఏమైందో తెలిసేది కాదు. బ్యాగులో చాక్లెట్ ఉండబట్టి బయటపడ్డా.

ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వణుకు, చెమట.. భయానికీ లో షుగర్‌కూ పైకి తేడా తెలియదు. 70 కంటే తగ్గితే లో షుగర్ కింద లెక్క. వెంటనే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. మర్నాడు మా టీమ్‌లో నలుగురికీ, రూమ్మేట్లకూ చెప్పేశా. ఆకాశమేం విరిగి పడలేదు. ఒకాయన మాత్రం వేపాకు కషాయం గురించి అరగంట క్లాసు పీకాడు.

తిండి దగ్గర మనకు అపోహలు జాస్తి. మాది మెట్ట ప్రాంతం. తాతల కాలంలో జొన్నలు, సజ్జలు, రాగులు. తర్వాత మూడుపూటలా బియ్యం. షుగర్ అనగానే ఇంట్లో అందరూ 'సంగటి తిను, ఏం కాదు' అన్నారు. తిన్నా, సుష్టుగా. రెండు గంటలకు వేలు పొడిచి చూస్తే 231! సంగటిలోనూ ఉన్నది పిండిపదార్థమే, పైగా అందులో బియ్యం కలుస్తుంది. ఇప్పుడు ఒక చిన్న ముద్ద, పక్కన రెండింతలు ఆకుకూర పప్పు, గుడ్డు. బియ్యంలోనూ తేడాలున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, అలాగే తెలంగాణ సోనాగా పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048.. రెండింటి గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుంది. 55, అంతకంటే తక్కువైతే తక్కువ కింద లెక్క. అలాగని రెండు ప్లేట్లు లాగిస్తే ఏ బియ్యమైనా ఒకటే.

సెలవుకు ఊరొస్తే ఉదయగిరి దుర్గం ఎక్కుతున్నా. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలుచుకున్న కోట అది. నాకు ఆయాసం లేకుండా సగం ఎక్కడానికే నాలుగు నెలలు పట్టింది. ఆఫీసులో కొండ లేదు కాబట్టి తిన్నాక పావుగంట నడక. ఆరు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 6.8. గ్లిమెపిరైడ్‌ను డాక్టరే ఆపేశారు. నేను సొంతంగా ఆపలేదు, మీరూ ఆపొద్దు. అన్నట్టు, ఆ కొత్త కళ్లజోడు వృథా అయింది. షుగర్ అదుపులోకొచ్చే కొన్ని వారాలు చూపు మారుతూ ఉంటుందట, అది కుదుటపడ్డాకే పవర్ చూపించుకోవాలి.

టెక్ బ్లాగరును కదా, గ్యాడ్జెట్ల గురించి అడుగుతారు. సూది లేకుండా షుగర్ చెప్పే స్మార్ట్‌వాచ్ అంటూ రెండు వేలకు అమ్ముతున్నవి కొనకండి. చర్మాన్ని గుచ్చకుండా గ్లూకోజ్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చేతికి అంటించుకునే సెన్సర్లు నిజమైనవే గానీ, రెండు వారాలకు వేలల్లో ఖర్చు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు మామూలు గ్లూకోమీటర్ చాలు. మాత్రలకు జన ఔషధి దుకాణం ఉండనే ఉంది.

వసీం అక్రమ్‌కు 1997లో, కెరీర్ మంచి ఊపు మీద ఉండగా, టైప్ 1 మధుమేహం బయటపడింది. రెండేళ్లకు పాకిస్థాన్‌ను ప్రపంచకప్ ఫైనల్‌కు నడిపించాడు. ఆయనది ఇన్సులిన్ తప్పని రకం, నాది టైప్ 2. అయినా ఆయన కథ మా అమ్మకు పదిసార్లు చెప్పి ఉంటా. సంబంధాల సంగతంటారా, ఇప్పుడు వచ్చినవాళ్లకు మేమే ముందు చెప్తున్నాం. ఇద్దరు వెనక్కెళ్లారు. మూడోవాళ్లు మాట్లాడుతున్నారు.

మొన్న ఆత్మకూరు గది నుంచి డీఎస్సీ తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నకూ షుగరే. నాలుగు నెలలుగా నా పోరు పడలేక చివరికి ప్రభుత్వాసుపత్రికి వెళ్తానన్నాడు.

'అన్నా, పొద్దున టీ కూడా తాగకూడదా?'

'తాగబాక. ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. నీళ్లు తాగొచ్చు.'

'126 దాటితే?'

'దాటితే ఇంకోసారి చేసి ఖాయం చేస్తారు. వందకూ 125కూ మధ్యలో ఉన్నా నాకు ఫోన్ చెయ్యి, అప్పుడే చేతిలో టైమ్ ఎక్కువ ఉండేది. రాత్రి మాత్రం మామూలుగా తిను, నా మాదిరి పస్తుండబాక.'