చేతిని కాదు, పిట్టను చూడు

పోయిన సంచికలో ఇంటి జమాఖర్చుల గురించి రాసిన పెద్దమనిషి ఈసారి తుపాకీ పట్టాడేమిటని కంగారు పడకండి. నేను కాల్చేది మనుషుల్నీ కాదు, పక్షుల్నీ కాదు. గాలిలోకి ఎగిరే చిన్న పళ్ళేలను. దాన్నే క్లే షూటింగ్ అంటారు. పేరుకే మట్టి పళ్ళెం. ఇప్పుడు సున్నపురాయి పొడి, కీలు కలిపి చేస్తున్నారు. అడ్డం 11 సెంటీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు.

2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్, పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధులతో కలిసి ట్రాప్ టీమ్ స్వర్ణం గెలిచాడు. వ్యక్తిగతంగా కాంస్యం కూడా తెచ్చాడు. అది టీవీలో చూసినప్పటి నుంచీ నాకు మనసు లాగుతూనే ఉంది. నిరుడు హైదరాబాదుకు బదిలీ కాగానే ఒక రేంజిలో చేరాను.

మొదటి రోజు 25 పళ్ళేలకు 3 పగిలాయి. నెల తిరిగినా 5 దాటలేదు. పక్కన మా అమ్మాయి ఈడు పిల్లలు టపటపా పగలగొడుతుంటే యాభై దాటినవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తూటాల ఖర్చు చూసి మా ఆవిడ, "ఈ డబ్బు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోకూడదా?" అంది. నిజమే అనిపించింది. సంక్రాంతి తర్వాత మానేద్దామని నిశ్చయించుకున్నాను.

పండక్కి మా ఊరు మన్నళ్ళి వెళ్ళాను. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదరు జిల్లా మాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. జొన్న కంకి వేసిందంటే చిన్నప్పుడు నా ఉద్యోగం మంచె మీద, చేతిలో వడిసెలతో. నాయినకు ఇప్పుడు ఎనభై దాటాయి. నా గోడు విని నవ్వాడు.

"తుపాకీ మొన దిక్కు సూస్తున్నవా?"

"సూడకుంటే గురి ఎట్ల నాయినా?"

"వడిసెల తిప్పేటప్పుడు చెయ్యి దిక్కు సూసినవా? పిట్టను సూడు బిడ్డా, చెయ్యి దానెంబడే పోతది. పిట్ట ఉన్నకాడ రాయేస్తే, రాయి పోయేసరికి పిట్ట ఉంటదా?"

తిరిగొచ్చి కోచ్‌కు చెబితే, "మూడు నెలల నుంచి నేను చెప్పేదీ అదే కదా సార్!" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసే అలవాటు నాది. మీట నొక్కే ముందు గొట్టం చివరి పూసను ఒక్కసారి సరిచూసేవాణ్ణి. ఆ క్షణంలో తుపాకీ ఆగిపోతుంది, పళ్ళెం ఆగదు. గుళ్ళు దాని వెనకనుంచి పోతాయి.

లెక్క చూడండి. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. 30 మీటర్ల దూరం పోవటానికి గుళ్ళకు దాదాపు సెకనులో పదో వంతు పడుతుంది. అంతలో అడ్డంగా పోయే పళ్ళెం రెండున్నర మీటర్లు జరిగిపోతుంది! అందుకే గురి దాని ముందు ఉండాలి, కాల్చాక కూడా తుపాకీ కదులుతూనే ఉండాలి.

కొత్తగా నేర్చుకునేవారికి నాకు పనికొచ్చిన నాలుగు మాటలు చెబుతాను. మొదట మీ ఏ కన్ను బలమైనదో కోచ్‌తో చూపించుకోండి. కుడి భుజాన తుపాకీ, ఎడమ కంటి పెత్తనం అయితే గురి పక్కకు పోతుంది. రెండు, తుపాకీని చెంప దగ్గరకు తేవాలి గాని, తలను తుపాకీ మీదకు వంచకూడదు. ఇంట్లో అద్దం ముందు కర్రతో రోజూ ఇరవై సార్లు ఎత్తి దించండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. మూడు, బరువు ముందు కాలి మీద ఉంచి, చేతులతో కాక నడుముతో తిరగండి. నాలుగు, తప్పిన ప్రతి పళ్ళేన్నీ పుస్తకంలో రాయండి: ఏ స్థానం నుంచి, ఎటు పోయినది, వెనక తప్పిందా, పైన తప్పిందా అని. నా పద్దుల్లో ముప్పాతిక వంతు 'వెనక' అనే ఖాతాలోనే తేలాయి. సరిచూసుకోవటం మంచిదే, కాల్చేటప్పుడు కాదు, కాల్చిన తరువాత.

చెవులకు, కళ్ళకు రక్షణ లేకుండా దిగవద్దు. రేంజిలో, కోచ్ సమక్షంలో తప్ప ఇది ఆడే ఆట కాదు.

పోయిన ఆదివారం 25కు 11 పగిలాయి. పదకొండంటే పెద్ద గొప్పేమీ కాదు గాని, మానేయాలనే మాట మళ్ళీ ఎత్తలేదు. సంబరంగా మన్నళ్ళికి ఫోన్ చేశాను. నాయిన అంతా విని అడిగాడు:

"మరి తక్కిన పద్నాలుగు పిట్టలు జొన్నలన్నీ తినిపోయినట్టేనా?"

వచ్చే సంచికలో కలుద్దాం. సెలవు.