మానసిక రోగి ఇంటికే నర్సు: ఉత్తర తెలంగాణకు పీజీ కోర్సు, కొలువులు కావాలి

సామాజిక మానసిక ఆరోగ్య నర్సింగ్ అంటే దవాఖాన గోడల బయట, రోగి ఇంటి దగ్గర సాగే చికిత్స. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషికి నెలనెలా ఇంజెక్షన్ వేయడం, మందుల వల్ల చేతులు వణకడమో ఒళ్లు బిగుసుకుపోవడమో మొదలైతే వెంటనే గుర్తించడం, లిథియం వాడేవారికి సమయానికి రక్తపరీక్ష చేయించడం, పురుగుల మందు తాగి బతికి బయటపడ్డ రైతు ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి మాట్లాడటం ఆ నర్సు పని. బ్రిటన్‌లో వార్లింగ్‌హామ్ పార్క్ ఆస్పత్రి 1954లోనే నర్సులను రోగుల ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. మన దేశంలో బెంగళూరులోని నేటి నిమ్‌హాన్స్ 1950ల్లోనే మానసిక నర్సింగ్‌లో డిప్లొమా ప్రారంభించింది. అంటే ఇది కొత్త విద్య కాదు, ఉత్తర తెలంగాణ పల్లెలకు ఇంకా చేరని విద్య.

ఇక్కడి అవసరం ఎంత పెద్దదో బతుకుదెరువులే చెబుతాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనం బతుకును బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటల్లో చెప్పుకుంటారు. జగిత్యాల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవారు ఏళ్లతరబడి రారు. అప్పు మాత్రం ఇంటి దగ్గరే ఉంటుంది, దాన్ని మోసేది భార్య. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు ఒకప్పుడు దేశమంతటినీ కలవరపెట్టాయి. ఆదిలాబాద్ పత్తి రైతుల గోస నేటికీ తీరలేదు. పొరుగునున్న నిజామాబాద్‌లో 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగాయి. అల్ప్రాజోలం కలిసిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు అది ఒక్కసారిగా దొరకక ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో దవాఖానలకు చేరారు. మత్తును ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాలని ముందే చెప్పే మనిషి ప్రతి మండలంలో ఉండాల్సింది.

ఉట్నూరు ఏజెన్సీలో గోండి, కొలామీ మాట్లాడే గూడేలకు ఈ సేవ మరీ దూరం. మనసులో మాట చెప్పుకోవడానికే భాష అడ్డం వస్తుంది. వానాకాలంలో వాగులు పొంగితే దారి కూడా ఉండదు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఆదిలాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. ఈలోగా బాణామతి అనో, గాలి సోకిందనో మంత్రగాళ్ల చుట్టూ తిరిగి కుటుంబం ఉన్న డబ్బంతా పోగొట్టుకుంటుంది.

మానసిక రుగ్మతలున్నవారిలో, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. తన లెక్క తనకు తెలియని రాష్ట్రం ప్రణాళిక ఎలా వేసుకుంటుంది?

చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. రోగిని గొలుసులతో కట్టేయడాన్ని అది నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారికి సంరక్షణ, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అని చెప్పింది. జనాభాకు తగినంతమంది నిపుణులను సమకూర్చే ప్రయత్నానికి పదేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు 2028 మేతో ముగుస్తుంది. అయితే మానసిక ఆరోగ్య నర్సు నిర్వచనంలో సాధారణ నర్సింగ్ డిప్లొమా ఉన్నవారిని కూడా చేర్చడంతో ప్రత్యేక చదువు తప్పనిసరి కాకుండా పోయింది.

చదువులోనూ చీలిక ఉంది. భారత నర్సింగ్ మండలి రెండేళ్ల ఎమ్మెస్సీలో మానసిక ఆరోగ్యం ఒక విభాగం, సామాజిక ఆరోగ్యం మరో విభాగం. మొదటిది ప్రధానంగా వార్డు చుట్టూ, రెండోది తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాలు, అంటురోగాల చుట్టూ తిరుగుతాయి. ఊళ్లో ఉన్న మానసిక రోగి ఈ రెంటి నడుమ ఎవరికీ పట్టకుండా మిగిలిపోతున్నాడు. పీజీ చేసినవారికి రోగుల దగ్గర తగిన హోదా గల పోస్టులు అరుదు కాబట్టి చాలామంది పాఠాలు చెప్పుకునే ఉద్యోగాల్లో స్థిరపడతారు.

ఆశా కార్యకర్తలు చాలరా అని అడిగేవారున్నారు. పశ్చిమ గోదావరి పల్లెల్లో శిక్షణ పొందిన ఆశాలు ట్యాబ్ సాయంతో మానసిక సమస్యలున్నవారిని గుర్తించగలిగారు. అది విలువైన పని. కానీ గుర్తించాక మందు సర్దుబాటు గమనించడం, మళ్లీ జబ్బు ముదిరే సూచనలు పసిగట్టడం, ఆత్మహత్య ముప్పును అంచనా వేయడం లోతైన శిక్షణ కావాల్సిన పనులు. ఆశాలకు అండగా నిలిచే నిపుణురాలు లేకపోతే గుర్తింపు కాగితం మీదే ఆగుతుంది.

కాబట్టి వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భారత నర్సింగ్ మండలి అనుమతితో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎమ్మెస్సీ మానసిక ఆరోగ్య నర్సింగ్‌ను సామాజిక సేవ ప్రధానంగా నడపాలి. శిక్షణలో కనీసం సగం కాలం పల్లె దవాఖానల్లో, ఉట్నూరు గూడేల్లో, సిరిసిల్ల కార్మికవాడల్లో గడవాలి. ఆదిలాబాద్ రిమ్స్ మానసిక వైద్య విభాగం రోగులను పంపే, తిరిగి తీసుకునే కేంద్రంగా ఉండాలి. విద్యార్థినుల పరిశోధన వ్యాసాలు ఈ జిల్లాల జబ్బు లెక్క తీయడానికే ఉపయోగపడాలి. ప్రభుత్వ సర్వీసులో ఉన్న స్టాఫ్ నర్సులకు జీతంతో కూడిన చదువు సెలవు ఇవ్వాలి, గోండి, కొలామీ తెలిసినవారికి ప్రత్యేక సీట్లు ఉంచాలి.

అన్నిటికన్నా ముఖ్యం కొలువు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది, దాని బృందంలో నర్సుకు చోటుంది. కానీ జిల్లాకు ఒకే బృందం సరిపోదు. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికీ ఒక శాశ్వత సామాజిక మానసిక ఆరోగ్య నర్సు పోస్టు, తిరగడానికి వాహనం, స్పష్టమైన పదోన్నతి ఇవ్వాలి. ఇవి లేకుండా కోర్సు ఒక్కటే తెరిస్తే పట్టాలు పెరుగుతాయే గాని ఇంటి తలుపు తట్టే నర్సు రాదు.

నర్సుల సంఘాలు, గ్రామ పంచాయతీలు, గల్ఫ్ కార్మిక కుటుంబాలు, రైతు సంఘాలు ఈ కోరికను తీర్మానాలుగా రాసి ఎమ్మెల్యేలకు, ఆరోగ్య శాఖకు అందజేయాలి. ఇప్పుడే సాయం కావాల్సినవారు టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.